సింథటిక్ రోప్‌కు ఏ ఫెయిర్‌లీడ్? పాత రోలర్లు ఉంచుకోవచ్చా?

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. థార్ జీపుకు 9,500 పౌండ్ల వించ్ ఉంది, అంటే డ్రమ్ముకు చుట్టిన తాడుతో ఇరుక్కున్న బండిని అంత బలంతో లాగే మోటారు యంత్రం. ఇన్నాళ్ళూ స్టీలు వైరు, నాలుగు రోలర్ల ఫెయిర్‌లీడ్ వాడారు. ఫెయిర్‌లీడ్ అంటే బంపర్ దగ్గర తాడు బయటికొచ్చే చోట దానికి దారి చూపే చట్రం. ఇప్పుడు వైరు తీసేసి 10 మి.మీ. సింథటిక్ రోప్, అంటే గట్టి పాలిథిలీన్ పోగులతో అల్లిన తాడు, వేయాలనుకుంటున్నారు. పాత రోలర్లే ఉంచుకోవచ్చా, అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్, అంటే రోలర్లు లేకుండా గుండ్రటి అంచుల కంత ఉన్న ఒకే పలక, కొనాలా? కొంటే అంగుళం మందమా, అంగుళంన్నరా? ఊళ్ళో లేతు షాపులో చేయించుకుంటే సరిపోదా?

ముందు జవాబు చెప్పేస్తాను. పాత రోలర్లు తీసేయండి. బోల్టు రంధ్రాల మధ్య దూరం 10 అంగుళాలు, అంటే 254 మి.మీ. ఉన్న హాస్ తీసుకోండి. మందం అంగుళంన్నర ఉండాలి, ముందు అంచు గుండ్రం రేడియస్ 20 మి.మీ.కు తగ్గకూడదు, వెనక అంచు కూడా గుండ్రంగా ఉండాలి. పైన హార్డ్ ఆనొడైజింగ్, అంటే కరెంటుతో అల్యూమినియం పైభాగాన్నే గట్టి పొరగా మార్చడం, ఉండాలి, పెయింటు గానీ పౌడర్ కోటింగ్ గానీ వద్దు. రంగు, దాని మీద చెక్కిన పేరు, బోల్టు తలల అందం చూసి డబ్బు పెట్టొద్దు. రోప్ ఆయుష్షును తేల్చేది ఆ అంచు ఎంత గుండ్రంగా, ఎంత నున్నగా ఉంది అన్నదే.

పాత రోలర్లు ఎందుకు వద్దంటే, స్టీలు వైరు వాటి మీద నడిచినన్నాళ్ళూ గీతలు కోస్తూనే ఉంటుంది. ఆ గీతల గట్లమీద సన్నటి లోహపు ముళ్ళు లేస్తాయి. వైరుకు అవి లెక్కలేదు. సింథటిక్ రోప్‌లో ఒక్కో పోగు వెంట్రుక కన్నా సన్నం, ప్రతి ముల్లూ కొన్ని పోగులను తెంపుతుంది. రెండో సంగతి మూలలు. అడ్డ రోలరు, నిలువు రోలరు కలిసే చోట చిన్న సందు ఉంటుంది. వాహనం వంకర నిలబడి పక్కకూ కిందికీ లాగాల్సి వచ్చినప్పుడు రోప్ సరిగ్గా ఆ మూలకే చేరుతుంది. వైరు గట్టిది కాబట్టి సందులో దూరదు. బరువు పడితే చప్పిడి అయ్యే సింథటిక్ రోప్ మాత్రం దూరి, నలిగి, అక్కడే తెగుతుంది. మూడోది, మన దుమ్ముకూ వంక బురదకూ రోలర్ల పిన్నులు పట్టేస్తాయి. తిరగని రోలరు ఇక రోలరు కాదు, తుప్పు పట్టిన ఇనుప గొట్టం.

అలాగని రోలరే సింథటిక్‌కు విరోధి అని అనను. స్టీలు వైరు ఎన్నడూ తగలని కొత్త రోలర్లు, మూలల్లో సందు లేకుండా దగ్గరగా కూర్చున్నవి, చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగేవి ఉంటే వాటి మీద రోప్ చక్కగానే నడుస్తుంది. రోలరు వ్యాసం చాలాసార్లు సన్నటి హాస్ అంచు వంపు కన్నా పెద్దది కూడా. కానీ దాన్ని అదే స్థితిలో ఉంచడం పనితో కూడుకున్నది, బరువూ ఎక్కువ. నాలుగు రోలర్ల సెట్టు 5 కిలోల దగ్గర ఉంటుంది, అల్యూమినియం హాస్ కిలో, కిలోన్నర. 28 మీటర్ల వైరు 10 కిలోల దాకా తూగితే అదే పొడవు సింథటిక్ రోప్ రెండు కిలోలకు మించదు. ఇరుసుకు ముందున్న ఆ బరువంతా తగ్గడం స్ప్రింగులకు మంచిదే.

ఇక మందం సంగతి. అంగుళమా, అంగుళంన్నరా అన్నది అసలు అంచు గుండ్రం గురించిన ప్రశ్న. 25 మి.మీ. పలకలో ముందు అంచుకు 20 మి.మీ. గుండ్రం తీస్తే వెనక్కి మిగిలేది 5 మి.మీ. మాత్రమే. వెనక అంచు దాదాపు పదునుగా ఉండిపోతుంది. రెండు వైపులా సమానంగా తీస్తే ఒక్కో వైపు 12 మి.మీ. మించదు. 38 మి.మీ. పలకలో ముందు 25, వెనక 10 హాయిగా పడతాయి. వెనక అంచు ఎందుకంటే, పూర్తి సైజు వించ్ డ్రమ్ము 9 అంగుళాల దాకా వెడల్పుంటుంది, హాస్ కంత అంతకన్నా ఇరుకు. రోప్ డ్రమ్ము చివర్ల నుంచి వస్తున్నప్పుడు కంత వెనక అంచునే రాసుకుంటూ లోపలికి వెళ్తుంది. కొనేవాళ్ళు ముందు వైపు మెరుపు చూసి తెచ్చుకుంటారు. షాపులో తప్పకుండా తిప్పి వెనక వైపు వేలు పెట్టి చూడండి.

గుండ్రం ఎంతుంటే చాలు? అల్లిన రోప్‌కు తిరిగే గిలక వ్యాసం రోప్ వ్యాసానికి కనీసం 8 రెట్లు ఉండాలన్నది తయారీదారులు మామూలుగా చెప్పే లెక్క. 10 మి.మీ. రోప్‌కు 80 మి.మీ. అవుతుంది. ఏ హాస్ కూడా అంత ఇవ్వలేదు. 25 మి.మీ. రేడియస్ అంటే 50 మి.మీ. వ్యాసం, 5 రెట్లు. 10 మి.మీ. రేడియస్ అంటే 2 రెట్లే. వాహనం నేరుగా నిలబడి రోప్ సూటిగా వెళ్తుంటే ఈ తేడా తెలీదు, రోప్ అంచును తాకదు కాబట్టి. పక్కకు లాగేటప్పుడే అసలు పరీక్ష.

ఆ పరీక్ష ఎంత కఠినమో అంకెల్లో చూడండి. 9,500 పౌండ్లంటే సుమారు 4,300 కిలోలు. వించ్ పూర్తి బలంతో లాగుతుండగా రోప్ 15 డిగ్రీలు పక్కకు వంగితే ఫెయిర్‌లీడ్ అంచు మీద పడే ఒత్తిడి 1,100 కిలోలు దాటుతుంది. 30 డిగ్రీలకు దాదాపు 2,200. 45 డిగ్రీలకు 3,300. 60 డిగ్రీలకు రోప్‌లో ఎంత లాగుడుందో అంతా, 4,300 కిలోలు, ఆ అంచు మీదే. ఈ ఒత్తిడి చిన్న వంపు మీద పడితే రోప్ బయటి పోగులు సాగి, లోపలి పోగులు నలిగి, బలం పడిపోతుంది. రెండు బోల్టులూ ఆ పక్క తోపును మోయాలి. అందుకే 30 డిగ్రీలు దాటే లాగుడు ఉంటే ఏ ఫెయిర్‌లీడ్‌నూ నమ్ముకోవద్దు. స్నాచ్ బ్లాకునో (పక్క తెరిచి రోప్ పెట్టే గిలక), రికవరీ రింగునో (రోప్ జారుతూ పోయే నున్నటి లోహపు కడియం) దగ్గర్లోని చెట్టుకు కట్టి రోప్ దిశ మార్చండి. చెట్టుకు వెడల్పాటి పట్టీ చుట్టాలి, రోప్ నేరుగా కాదు. మరో దారి లేకపోతే, వాహనం మూతి లాగే వైపు తిరిగే దాకా మాత్రమే లాగి ఆపండి. పక్కకు లాగుతూ పోతే రోప్ డ్రమ్ములో ఒక మూలకే గుట్టపడుతుంది కూడా. ఆ గుట్ట వించ్ టై రాడ్లను, అంటే డ్రమ్ము పక్కగా వించ్ రెండు చివర్లనూ కలిపే కడ్డీలను, తాకితే అక్కడ ఇంకో నష్టం.

లోహం గురించి. 6061-టి6 లాంటి గట్టి మిశ్రమం దిమ్మ నుంచి మిల్లింగ్ చేసిన బిల్లెట్ హాస్ మేలు. పోత పోసినవి చవక. వాటిలో అన్నీ చెడ్డవి కావు గానీ పోతలో చిన్న గాలి బొక్కలు ఉంటాయి, అంచు అరిగేకొద్దీ అవి బయటపడి గరుకవుతాయి. పెయింటూ, పౌడర్ కోటింగూ రోప్ రాపిడికి పొరలుగా లేస్తాయి. లేచిన పొర అంచు పదునుగా ఉంటుంది, పెచ్చులు రోప్ అల్లికలోకి దూరి లోపల్నుంచి కోస్తాయి. హార్డ్ ఆనొడైజింగ్ పొర లోహంలో భాగమే కాబట్టి లేవదు. ఏ పూతా లేని నున్నటి అల్యూమినియం కూడా పనికొస్తుంది. రోప్‌కు కాస్త నల్ల పొడి అంటుతుంది, దానివల్ల నష్టం లేదు.

స్టీలు వైరు తగిలిన హాస్‌ను మాత్రం సింథటిక్‌కు తీసుకోవద్దు, ఎవరైనా ఊరికే ఇచ్చినా సరే. పాత బావి ఒర రాతిమీద చేంతాడు గాడి కోసినట్టు వైరు అల్యూమినియాన్ని కోస్తుంది, అంతకన్నా చాలా తొందరగా. అదే కారణంగా వైరున్నవాళ్ళు హాస్‌కు మారకూడదు. వైరుకు రోలరు, సింథటిక్‌కు హాస్, రెండూ ఒక్కసారే మారాలి.

లేతు షాపులో చేయించడం గురించి అడిగారు. మిల్లింగ్ మిషన్ ఉన్న షాపైతే తప్పేమీ లేదు, ఉత్త లేతు మీద ఈ ఆకారం కుదరదు. అడగాల్సినవి ఇవి: మిశ్రమం పేరు తెలిసిన పలక, తుక్కు కరిగించి పోసిన దిమ్మ కాదు. కంత నాలుగు మూలలూ గుండ్రంగా తిరగాలి, లోపలి మూల కోణంగా ఉంటే రోప్ అందులో ఇరుక్కుంటుంది. గ్రైండరుతో చేత్తో గుండ్రం తీస్తే ఎత్తుపల్లాలు మిగులుతాయి, రోప్ ఎత్తుల మీదే నలుగుతుంది, కాబట్టి రేడియస్ కట్టరుతో తీయించండి. ఆ తర్వాత టింకరింగ్ షాపుల్లో దొరికే వాటర్ పేపరుతో నీళ్ళు పోస్తూ 240, 400, 600, చివరికి 1000 నంబరు వరకు రుద్దించండి. పాత నైలాన్ సాక్సు చేతికి తొడుక్కుని కంత చుట్టూ ముందూ వెనకా తుడవండి. ఎక్కడైనా పోగు పట్టుకుందంటే అక్కడ ఇంకా రుద్దాలి. కొన్నదానికీ ఇదే పరీక్ష పెట్టండి.

ఇక్కడ నిలబడి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి హాస్ కొన్న తర్వాత కూడా రోప్ చెడిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది బంపరూ డ్రమ్మూనే. మన దగ్గర బంపర్లు 5, 6 మి.మీ. ఇనుప రేకును గ్యాసుతో కోసి చేస్తారు. ఫెయిర్‌లీడ్ కోసం కోసిన కంత అంచు రంపంలా ఉంటుంది. రోలరుకు కోసిన కంత హాస్ కంతకు సరిపోకపోతే, హాస్ వెనక ఆ ఇనుప అంచు లోపలికి పొడుచుకొస్తుంది. రోప్ హాస్ మీద కాకుండా రేకు మీద నడుస్తుంది. హాస్ బిగించి వెనకనుంచి చెయ్యి పెట్టి తడమండి. బంపర్ కంత హాస్ కంత కన్నా చుట్టూ కనీసం 5 మి.మీ. పెద్దదిగా ఉండాలి. లేదంటే హాస్ విప్పి రేకును గ్రైండింగ్ చేసి, అంచు గుండ్రం చేసి, జింకు ప్రైమరు కొట్టండి.

ఎత్తు కూడా చూడాలి. చాలా వించ్‌లలో రోప్ డ్రమ్ము కింది వైపు నుంచి బయటికి వస్తుంది. డ్రమ్ము నిండా ఉన్నప్పుడు రోప్ బయటికొచ్చే ఎత్తు వేరు, చివరి చుట్లలో వేరు. హాస్ కంత ఈ రెంటికీ మధ్యలో పడాలి. వెల్డరు కంటి అంచనాతో కోసిన బంపర్లలో వాహనం నేరుగా లాగుతున్నా రోప్ కింది అంచు మీద వంగి నడుస్తుంటుంది. అలా ఉంటే ముందు దాన్ని సరిచేసుకోండి, ఏ రేడియస్ కొన్నా ఆ తర్వాతే.

డ్రమ్ము విషయం. వైరు అందులో ఉన్నన్నాళ్ళూ గీతలు పెట్టి ఉంటుంది. వైరు చివర బిగించిన స్క్రూ రంధ్రం అంచు పదునుగా ఉంటుంది. వైరు విప్పగానే డ్రమ్మును కిరోసిన్‌తో తుడిచి, గీతల గట్లను సన్న ఆకురాయితో తీసి, 400 పేపరు పట్టి, ఆరాక రోప్ వేయండి. గ్రీజు, నూనె పూయొద్దు, ఇసుకను పట్టుకుంటాయి.

బోల్టుల్లో పొరపాటు తేలిక. రోలరు సెట్టుతో వచ్చిన బోల్టులు దాని సన్న రేకుకు తగిన పొడవు. హాస్ బోల్టు కూర్చునే చోట పలక మందం, బంపర్ మందం, వెనకున్న వించ్ ప్లేటు మందం, వాషర్లు, నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉన్నది), దాని బయట రెండు మరలు, ఇదంతా కూడితే వచ్చేదే మీక్కావలసిన పొడవు. చాలావాటికి ఎం12 సైజు, 8.8 గ్రేడ్ బోల్టు పడుతుంది, బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉండాలి. అల్యూమినియం వైపు వెడల్పాటి వాషరు వేసి 70 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి. పైపు తొడిగి బిగిస్తే అల్యూమినియం నొక్కుకుపోయి కొన్నాళ్ళకు వదులవుతుంది. బోల్టు చివరలు వెనక రోప్ దారిలోకి రాకూడదు, వస్తే కోసి గుండ్రం చేయండి. చిన్న వించ్‌లకు, అంటే నాలుగు చక్రాల బైకుల సైజువాటికి, బోల్టు దూరం 124 మి.మీ. ఉంటుంది. ఆన్‌లైన్లో కొనేవాళ్ళు ఈ అంకె చూడక వెనక్కి పంపుతుంటారు.

హుక్కు వైపు చూద్దాం. ప్రయాణంలో హుక్కును హాస్‌కు ఆనించి వించ్‌తో బిగించేస్తారు. ఇనుప హుక్కు అల్యూమినియం అంచును కొట్టి గుంట చేస్తుంది, తర్వాతి లాగుడులో రోప్ ఆ గుంట మీదుగానే పోతుంది. పైగా బిగింపు ఎక్కువైతే రోప్ చివరి అల్లిక నిత్యం లాగుడులో ఉండి బలహీనపడుతుంది. రబ్బరు స్టాపరు వేసుకోండి, లేదా హుక్కు తీసేసి హాస్ మీద సమంగా కూర్చునే చప్పటి లింకు పెట్టండి. ఆ లింకు మీరు తీసుకునే హాస్ కంత కన్నా ఎత్తు ఉండాలి, లేకపోతే లోపలికి దూరిపోతుంది. చివరి రెండు మీటర్లు వించ్ బటను నొక్కి పట్టకుండా, ఆగి ఆగి కొద్దికొద్దిగా నొక్కుతూ, చూసుకుంటూ చుట్టండి.

వేడి గురించి భయం చాలామందిలో ఉంది, అది తప్పు చోట ఉంది. ఈ రోప్ పోగు 144 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక కరుగుతుంది, 70 డిగ్రీలు దాటిందంటేనే బలం తగ్గడం మొదలవుతుంది. అయినా వించ్ బరువుతో లాగేటప్పుడు రోప్ నిమిషానికి ఒకటి రెండు మీటర్లే కదులుతుంది, అల్యూమినియం వేడిని వెంటనే లాగేసుకుంటుంది, ఫెయిర్‌లీడ్ దగ్గర రోప్ కాలదు. కాలేది డ్రమ్ము దగ్గర. డ్రమ్ము లోపలే బ్రేకు ఉన్న వించ్‌లలో బరువు మీద రోప్ వదులుతూ దిగితే బ్రేకు వేడి డ్రమ్ముకు ఎక్కుతుంది. 10 మి.మీ. రోప్ మొదటి వరస దాదాపు 5 మీటర్లు, ఆ 5 మీటర్లకు వేడి తట్టుకునే తొడుగు వేసి ఉన్న రోప్ కొనండి. గుట్ట దిగేటప్పుడు వించ్‌తో వదులుతూ దిగడం వీలైనంత తగ్గించండి. డ్రమ్ము మీద ఎప్పుడూ కనీసం 8 చుట్లు మిగలాలి. ఈ రోప్ నున్నన, నాలుగైదు చుట్లతో జారిపోతుంది.

మన నేలల్లో ఏం జరుగుతుందో చెప్తాను. పెన్న, చిత్రావతి ఇసుక గట్టి స్ఫటికపు రవ్వ. తడి రోప్ దాన్ని అల్లికలోకి పీల్చుకుంటుంది, హాస్ అంచు దగ్గర నలిగిన ప్రతిసారీ రవ్వ లోపల కోస్తుంది. ఆదోని, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి తడిస్తే రోప్‌కు జిగురులా పట్టుకుంటుంది, అదే ఎండితే గరుకు. అనంతపురం గుట్టల్లో గ్రానైటు బండలు, గండికోట వైపు పలకరాళ్ళ అంచులు. రాయి మీదుగా రోప్ పోయేచోట తొడుగు ఉండాలి, అక్కడ ఫెయిర్‌లీడ్ ఏమీ చేయలేదు. వంకలో లాగి వచ్చిన రోజే రోప్ మొత్తం విప్పి, బక్కెట్టులో మామూలు సబ్బునీళ్ళతో పిసికి, అల్లిక విప్పార్చి జాడించి, నీడన ఆరేయండి. హాస్ కంతనూ గుడ్డతో తుడవండి. మన ఎండకు పైవరస పోగులు పెళుసవుతాయి, కాబట్టి రోజూ బయట నిలిపే బండికి వించ్ కవరు తప్పనిసరి. లంకమల, నల్లమల అభయారణ్యాల్లో దారి వదిలి తిప్పే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

రోప్ చెడిందంటే దెబ్బ ఎక్కడుందో చూడండి, కారణం అదే చెబుతుంది. పొడవునా ఒకే వైపు నూగులాగా లేచిందంటే ఫెయిర్‌లీడ్ మీద గానీ బంపర్ అంచు మీద గానీ ముల్లుంది. డ్రమ్ము వైపు చివర గట్టిపడి, మెరుస్తూ, వంచితే గాజులా ఉందంటే బ్రేకు వేడి. హుక్కు వైపు మీటరులోనే రంగు వెలిసి పీచు లేస్తే ఎండ, హుక్కు బిగింపు. ఒక్కచోట కోసినట్టుంటే రాయి. మధ్యలో ఎక్కడో చప్పిడిగా నలిగి ఉంటే, వదులుగా చుట్టిన కింది వరసల్లోకి పై చుట్టు దిగబడింది. కొద్దిపాటి నూగు అన్ని రోప్‌లకూ వస్తుంది, దాన్ని చూసి రోప్ పారేయక్కర్లేదు. ఒక పాయ పూర్తిగా తెగితే అక్కడ కోసి మళ్ళీ అల్లించాలి, ముడి వేయకూడదు. ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది.

చట్టం సంగతి ఒక్క మాట. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించుకోవడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. వించ్ కోసం బంపర్ మార్చేముందు అది తెలుసుకుని చేయండి. హాస్ గానీ హుక్కు గానీ నంబరు ప్లేటును కప్పకూడదు.

అన్నీ బిగించాక మొదటి చుట్టడం జాగ్రత్తగా కానివ్వండి. చదునైన చోట రోప్ చివరను గట్టి చింతచెట్టుకు పట్టీతో కట్టి, ఇంకొకరు బ్రేకును కొద్దికొద్దిగా తొక్కుతూ ఉండగా, 250 కిలోల దాకా బిగువుతో, చుట్టు పక్కన చుట్టు పడేలా మెల్లగా చుట్టండి. ఎవరూ రోప్ వరసలో నిలబడొద్దు, రోప్ మీద బరువైన గోతాం వేయండి. సింథటిక్ కదా, తెగినా వైరులా కొట్టదని ఊరుకోవద్దు, దాని చివరనున్న ఇనుప హుక్కు కొడుతుంది. చుట్టడం అయ్యాక హాస్ ముందు, వెనక అంచులను మళ్ళీ సాక్సుతో తుడిచి చూడండి. బోల్టులను టార్క్ రెంచితో ఇంకోసారి సరిచూడండి, మొదటి లాగుడు తర్వాత అల్యూమినియం కొంచెం కూర్చుంటుంది. గీత తగిలిన చోట 600 పేపరు నీళ్ళతో అప్పటికప్పుడే పట్టండి. గోరు దిగేంత లోతు గాడి పడితే హాస్ మార్చండి.